శునకములకు వచ్చు ధనుర్వాతము

మాస్తి పరిసరములలోని పల్లెలందు కుక్క ఇంటికి కావలి. పొలమునకును, మందకును కూడ అదియే కావలి. పట్టుపురుగుల ఇంటి వాకిట, రాగి కళ్లమువద్ద, పాడిపశువుల కొట్టము ముందర అది పడియుండును. బడికి వచ్చు పిల్లలను కొంతదూరము సాగనంపి మరలిపోవు కుక్కలను మేము దినమును చూచుచున్నాము. ఇంతగా మనతో కలిసి బ్రదుకు జంతువునకు జబ్బు చేసినపుడు మనము చేయుచున్నదేమి? నడక బిగిసి, నోరు మూతబడి, చొంగ కార్చుచున్న కుక్కను చూడగనే “పిచ్చికుక్క” యని కేకలువేసి రాళ్లతో కొట్టుటయో, “గాలి సోకినది” యని వాతలు పెట్టుటయో కద్దు. ఆ కుక్కకు వచ్చినది ధనుర్వాతము కావచ్చును. సకాలమున వైద్యము జరిగినచో బ్రదుకదగినదియు కావచ్చును. అట్లుగాక అది నిజముగా పిచ్చికుక్కయే యైనచో, జాలిపడి దానిని నిమురబోయిన పిల్లవాని ప్రాణమునకే ముప్పు. కాబట్టి ఈ విషయమును తలిదండ్రులు కొంత వివరముగా తెలిసికొనియుండుట అవసరమని తలచి ఈ పాఠమును వ్రాయుచున్నాము. దీనిని పిల్లలచే బిగ్గరగా చదివించుకొని వినినచో వారికి చదువును, పెద్దలకు విషయమును ఒక్కసారియే లభించును.

రోగకారణము

ధనుర్వాతమనగా శరీరము విల్లువలె బిగిసి వంగిపోవు వ్యాధి. కన్నడమున దీనినే ధనుర్వాయు వందురు. సుశ్రుతసంహితలో ధనుస్స్తంభమను పేరుతో ఇట్టి వ్యాధి వర్ణింపబడినది. పేరులో వాతమున్నను దీనికి కారణము గాలి కాదు, గ్రహము కాదు. కంటికి కనబడని ఒక సూక్ష్మజీవి. దాని శాస్త్రీయనామము క్లాస్ట్రిడియమ్ టెటని. 1884లో నికొలాయెర్ అను జర్మను పరిశోధకుడు తోటమట్టిని జంతువుల శరీరములోనికి ఎక్కించి, వానికి ధనుర్వాతము కలుగుటను చూపెను. 1889లో జపాను దేశీయుడగు కిటసాటో బెర్లినులో పనిచేయుచు ఆ సూక్ష్మజీవిని విడిగా పెంచగలిగెను. మరుసటి యేడు బేరింగు, కిటసాటో అనువారిరువురును దాని విషమునకు విరుగుడు పదార్థము జంతువుల రక్తములో పుట్టునని నిరూపించిరి.

ఈ సూక్ష్మజీవి మట్టియందును, పశువుల పేడయందును, గుఱ్ఱపు లద్దెయందును బీజరూపమున నిద్రించియుండును. ఆ బీజములు ఎండకు, చలికి ఓర్చి యేండ్ల తరబడి నిలువగలవు. కొంతసేపు నీటిలో మరిగించినను చావవు. పశువుల యెరువు చల్లు మల్బరీ తోటలు, పాడిపశువుల కొట్టములు, గొఱ్ఱెలమందలు గల మన ప్రాంతమున ఇవి యుండని చోటు దొరకుట కష్టము. అయినను మనమందరము, మన జంతువులన్నియు దినమును ఆ మట్టిపైననే తిరుగుచున్నాము గదా, అందరికిని ఈ రోగము రాదేమి? ఏలయన, ఈ బీజము మొలకెత్తుటకు గాలి సోకని తావు కావలెను. పైపైని గీరుకొన్న గాయమునకు గాలి తగులును. మేకు దిగిన చోట, ముల్లు విరిగిన చోట, ఇంకొక కుక్క కోర దిగిన చోట గాయము నోరు చిన్నది, లోతు ఎక్కువ. పైన మూసికొనిపోయి లోపల చీము పట్టును. బీజమునకు కావలసిన తావు అదియే.

తుప్పుపట్టిన ఇనుము గ్రుచ్చుకొన్ననే ధనుర్వాతము వచ్చునని పలువురి నమ్మకము. తుప్పునకును ఈ రోగమునకును సంబంధము లేదు. ఎద్దు లాడమునుండి ఊడిన మేకు గాని, కంచెతీగ గాని, తుమ్మముల్లు గాని మట్టిని, పేడను లోపలికి మోసికొనిపోవుటయే కారణము. మెరయుచున్న క్రొత్త మేకయినను మట్టి అంటియున్నచో ఆ పని చేయగలదు. కుక్కపిల్లలకు పాలపండ్లు ఊడునపుడును, ఎముక కొరికి పన్ను విరిగినపుడును, ఈనినపుడును, శస్త్రచికిత్స జరిగినపుడును కూడ ఈ బీజమునకు దారి దొరకవచ్చును. ఒక్కొక్కప్పుడు వ్యాధి బయటపడునాటికి గాయము మానిపోయి, వెదకినను కనబడదు.

విషము పనిచేయు విధము

గాయములో మొలకెత్తిన సూక్ష్మజీవి అక్కడనే యుండును. అది పుట్టించు విషము మాత్రము నరముల వెంట వెన్నుపామునకు ప్రాకును. ఎద్దులబండిని తోలువాడు ఒకచేత అదలించుచు, ఇంకొకచేత పగ్గము పట్టియుండును. పగ్గము తెగినచో బండి యేమగునో మనకు తెలియును. మన కండరములకును ఇట్లే రెండు విధములైన ఆజ్ఞలు కలవు: ముడుచుకొనుమనునది యొకటి, చాలునని ఆపునది యొకటి. ధనుర్వాతవిషము రెండవదానిని నిలిపివేయును. అందువలన ముడుచుకొన్న కండరము సడలదు. చిన్న చప్పుడైనను, వెలుతురు పడినను, చేయి తగిలినను శరీరమంతయు ఈడ్చుకొనిపోవును.

ఇచ్చట మరువరాని సంగతి యొకటి కలదు. ఈ రోగములో జంతువునకు తెలివి తప్పదు. యజమాని పిలుపు దానికి తెలియును, నొప్పియు తెలియును. తోక ఆడించవలెననుకొన్నను తోక కదలదు. దానిని మొద్దుబారిన జంతువుగా తలచి మోటుగా ఈడ్చుట ఎంతటి బాధయో పిల్లలకు విడమరచి చెప్పవలెను.

కుక్కయందు కనబడు లక్షణములు

గుఱ్ఱముకంటెను, మనుష్యునికంటెను కుక్క ఈ విషమునకు ఎన్నోరెట్లు ఎక్కువ తట్టుకొనగలదు. పిల్లి అంతకంటెను తట్టుకొనును. కావున కుక్కలలో ఈ వ్యాధి అరుదు. అరుదగుటచేతనే చూచినవారు గుర్తుపట్టలేకపోవుదురు. గాయమైన నాటినుండి సాధారణముగా 5 మొదలు 10 దినములలో లక్షణములు తోచును; మూడు వారములవరకును ఆలస్యము కావచ్చును.

మొదటి రకము ఒకచోటనే యుండునది. గాయపడిన కాలు మాత్రము కఱ్ఱవలె బిగియును. కుక్క దానిని మడువలేక ఈడ్చుకొని నడచును. బెణికినదని తలచి వదలివేయుటకు ఇచ్చటనే అవకాశ మెక్కువ. బెణికిన కాలిని కుక్క నేలకు ఆనింపక మడిచి పట్టుకొనును. ధనుర్వాతపు కాలు మడువబడదు. కొన్నిటిలో ఈ బిగువు ఆ కాలితోనే ఆగును, కొన్నిటిలో క్రమముగా శరీరమంతయు వ్యాపించును.

రెండవ రకము శరీరమంతటికి సోకునది. దీనిలో ముఖమును చూచియే చాలవరకు పోల్చుకొనవచ్చును. నుదురు ముడుతలు పడును. వ్రేలాడు చెవులుగల కుక్కకైనను చెవులు నిక్కి, ఒకదానికొకటి దగ్గరకు లాగబడును. పెదవులు వెనుకకు లాగుకొనిపోయి, కుక్క నవ్వుచున్నట్లు తోచును. పిల్లలు దీనిని చూచి నవ్వుదురు గాని అది నవ్వు కాదు, కండరముల బిగువు. కంటి లోపలి మూలనుండి ఒక తెల్లని పొర కనుగ్రుడ్డుపైకి వచ్చును. దవడలు బిగిసి నోరు తెరువబడదు; మ్రింగలేకపోవుటచే చొంగ కారును. నాలుగుకాళ్లును చాచుకొని, తోక నిగిడించి, కొయ్యబల్లవలె నిలువబడును. పడినచో తనంతట లేవలేదు. కండరముల శ్రమచే ఒళ్లు కాలును. మూత్రము, మలము బంధింపబడవచ్చును. వ్యాధి ముదిరినపుడు ఊపిరితీయు కండరములును బిగిసి ప్రాణాపాయము కలుగును.

పోలికగల ఇతర వ్యాధులు

మొదటిది, అన్నిటికంటె భయంకరమైనది, పిచ్చికుక్క వ్యాధి, అనగా రేబీసు. కన్నడమున అట్టి కుక్కను హుచ్చు నాయి యందురు. రెండు వ్యాధులలోను చొంగ కారును, మ్రింగుట కష్టమగును. అయితే ధనుర్వాతములో దవడ మూసికొని బిగియును. రేబీసులో ఒక రకమున దవడ వ్రేలాడిపోవును. రేబీసులో కుక్క స్వభావము మారును: యజమానిని ఎరుగదు, కారణములేక కరచును, గొంతు మారి మొరుగును, ఊరు విడిచి తిరుగును, లేదా చీకటిమూలల దాగును, పిదప కాళ్లు చచ్చుబడి, సాధారణముగా పదిదినముల లోపల మరణించును. ధనుర్వాతములో కాళ్లు చచ్చుబడవు, బిగియును; స్వభావము మారదు. ఇన్ని భేదములున్నను, ఇంటివద్ద మనము చూచి “ఇది రేబీసు కాదు” అని తీర్మానించుట తగదు. ఆ తీర్మానము వైద్యునిది. చొంగ కార్చు కుక్క నోటిలో ఎముక ఇరుక్కొన్నదేమో యని చేయి పెట్టరాదు. ఎన్నో ప్రాణములు ఈ యొక్క జాగ్రత్తపై ఆధారపడియున్నవి.

రెండవది విషప్రయోగము. కొన్ని విషములు తిన్న కుక్క కొన్ని నిమిషములలోనో గంటలలోనో ఈడ్చుకొని పడిపోవును. ధనుర్వాతము అంత హఠాత్తుగా రాదు, ఒకటి రెండు దినములలో క్రమముగా ముదురును. మూడవది, ఈనిన కుక్కకు పిల్లలు పాలు త్రాగుచున్న వారములలో రక్తములో సున్నపుపదార్థము తగ్గుటచే వచ్చు వణుకు, బిగువు. ఈ రెండును ఆ గంటలోనే వైద్యునివద్దకు తీసికొనిపోవలసినవియే. కావున ఏది యేదో తేలక మనము తర్కించుచు కూర్చుండుట కంటె బయలుదేరుట మేలు.

వైద్యునివద్దకు ఎప్పుడు పోవలెను?

మూడు మెట్లుగా జ్ఞాపకముంచుకొనుడు.

ఒకటి: లోతైన గాయమైనపుడు లక్షణములకొరకు వేచియుండనక్కరలేదు. శుభ్రమైన నీటితో, సబ్బుతో గాయమును కడిగి, వైద్యునికి చూపవలెను. గాయముపై పేడ, మట్టి, బూడిద పూయుట రోగబీజమును మనచేతులతో నాటుటయే యగును. గాలి చొరకుండ గట్టిగా కట్టుట కూడ మంచిది కాదు.

రెండు: కాలు బిగియుట, చెవులు దగ్గరకు లాగబడుట, నుదురు ముడుతలు పడుట, కంటిపై పొర వచ్చుట, నోరు పూర్తిగా తెరువలేకపోవుట, వీనిలో ఏ యొక్కటి కనబడినను ఆ దినముననే పోవలెను. “సంతదినమువరకు చూతము” అనరాదు.

మూడు: ఈడ్పులు వచ్చుట, పడి లేవలేకపోవుట, నీరు మ్రింగలేకపోవుట, ఊపిరి కష్టమగుట కనబడినచో ఒక గంటయైనను ఆలస్యము కూడదు.

ఈ తొందరకు కారణము కలదు. వైద్యుడు ఇచ్చు విరుగుడుమందు, ఇంకను నరములను పట్టుకొనని విషమును మాత్రమే అణచగలదు. నరములను పట్టుకొన్న విషమును విడిపించు మందు లేదు. అది తగ్గుటకు శరీరము తానే క్రొత్త నరపుకొనలను కూర్చుకొనవలెను. అందుకు వారములు పట్టును. ఈనాడు పోయినచో ఆపదగిన విషము ఎల్లుండికి ఆపరానిదగును.

మాస్తివారికి తాలూకా కేంద్రమగు మాలూరులోని పశువైద్యశాల కలదు. పెద్ద చికిత్స కావలసినచో బెంగళూరు హెబ్బాళములో 1958లో ఏర్పడిన పశువైద్య కళాశాల కలదు. 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశుచికిత్సా వాహనమునుగూర్చి కనుగొనవచ్చును. వైద్యులు కన్నడము మాత్రమే యెరిగినవారైనచో మనవారు కొందరు సంకోచించి చెప్పవలసినది చెప్పరు. కొలది మాటలు చాలును. “నాయిగె గాయ ఆగిత్తు” అనగా కుక్కకు గాయమైయుండెను అని. “బాయి తెరెయువుదిల్ల” అనగా నోరు తెరువదు అని. “కాలు బిగిదుకొండిదె” అనగా కాలు బిగిసికొన్నది అని. గాయమెన్నడైనదో, లక్షణమెన్నడు మొదలైనదో, కుక్క ఎవరినైన కరచినదో, దానికి రేబీసు టీకా వేయించితిమో లేదో, ఈ నాలుగును తప్పక చెప్పవలెను. ఈ వ్యాధిని వైద్యుడు ముఖ్యముగా చూపుచేతను, మనము చెప్పు వృత్తాంతముచేతను నిర్ణయించును గాన మన మాటకు విలువ హెచ్చు.

తీసికొనిపోవునపుడు దుప్పటిపై పరుండబెట్టి ఇద్దరు మోయవలెను. కండ్లపై పలుచని గుడ్డ కప్పవలెను. హారను మ్రోత, కేకలు, గుంపు కూడవు. పెద్దలే పోవలెను గాని పిల్లలచేతికి అప్పగింపరాదు.

చికిత్స, ఇంటి పోషణ

వైద్యుడు గాయమును విప్పి శుభ్రపరచి, సూక్ష్మజీవిని చంపు మందును, బిగువును సడలించి నిద్రపట్టించు మందును ఇచ్చును. విరుగుడుమందు గుఱ్ఱపు రక్తమునుండి తీయబడునది. కొన్ని జంతువులకు అది పడకపోవచ్చును గనుక పరీక్షించి, చూచుచు ఇయ్యవలసినది. దుకాణములో కొని మనమే గ్రుచ్చునది కాదు. మనుష్యుల నొప్పిమాత్రలు కుక్కకు విషముగా పరిణమించును, వానిని ఇయ్యరాదు.

ఇంటికి పంపినపుడు చీకటిగా, నిశ్శబ్దముగానున్న గది కావలెను. మెత్తని పడక వేసి, కొన్ని గంటలకొకసారి ప్రక్క మార్చవలెను. లేనిచో పుండ్లు పడును. మ్రింగగలిగినపుడు మాత్రమే వైద్యుడు చెప్పిన రీతిని మెత్తని ఆహారము పెట్టవలెను. నోరు బిగిసిన కుక్కకు గొట్టముతోనో సీసాతోనో పాలు, గంజి, కషాయము పోసినచో అవి ఊపిరితిత్తులలోనికి పోయి, రోగము చంపకమునుపే ఆ పాలు చంపును. జాలితో చేయు పనులలో ఇంతకంటె ప్రమాదమైనది లేదు. వాతలు పెట్టుట రెండింతల కీడు: ఆ నొప్పి ఈడ్పులను పెంచును, ఆ పుండు క్రొత్త రోగమునకు దారితీయును.

మొదటి వారములో వైద్యము జరుగుచున్నను బిగువు హెచ్చవచ్చును. అది చూచి నిరాశపడి మానివేయరాదు. తేలికగా సోకిన కుక్కలు పెక్కు మూడు నాలుగు వారములలో కోలుకొనును. కొన్నిటికి నెలలు పట్టును. ఊపిరి బిగిసినంతవరకు ముదిరినవి బ్రదుకుట కష్టము. వైద్యమునకగు వ్యయమును, ఆశయు ఎంతయో ముందుగానే వైద్యుని అడుగుటలో తప్పులేదు. ఒకసారి వచ్చి తగ్గినను మరల రాదను నమ్మకము లేదు.

మన పిల్లల సంగతి

ధనుర్వాతము కుక్కనుండి మనుష్యునకు అంటదు; కావున రోగమున్న కుక్కను తరిమివేయనక్కరలేదు. కాని కుక్కకు గ్రుచ్చుకొన్న మేకే పిల్లవానికిని గ్రుచ్చుకొనవచ్చును. మనుష్యులకు టీకా కలదు. దేశములో ప్రసూతి, శిశు ధనుర్వాతము నిర్మూలనస్థాయికి వచ్చినదని 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపరచినది. ఆ ఫలితమునకు టీకాలును, శుభ్రమైన కాన్పులును కారణములు. మట్టిలోని బీజము మాత్రము పోలేదు, పోదు. శిశువులకు 6, 10, 14 వారములలోను, పిదప 16 మొదలు 24 నెలలలోపునను, 5, 6 ఏండ్లయందును టీకాలు కలవు. బడియీడు పిల్లలకు 10వ యేటను, 16వ యేటను వేయు టీకాలను పెక్కుమంది మరచుచున్నారు. ఇంటిలోని టీకాకార్డును తీసి చూడుడని మా విన్నపము.

కుక్క కరచినపుడు గాయమును పారు నీటితో, సబ్బుతో 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. రేబీసు టీకాయు, ధనుర్వాతపు టీకా అవసరమా యను విచారణయు రెండును జరుగవలెను. రేబీసు లక్షణములు తోచిన పిదప బ్రదుకుట దాదాపు లేదు. ముందుగా టీకా వేసికొన్నచో రాకుండ ఆపవచ్చును. పెంపుడు కుక్కకు ఏటేట వైద్యుడు చెప్పినట్లు రేబీసు టీకా వేయింపవలెను. అనుమానపు కుక్కను కొట్టి చంపుట 1960 నాటి జంతుహింసా నివారణచట్టమునకు విరుద్ధము. పైగా కొట్టబోయినవానినే అది కరచును. పిల్లలను దూరముగానుంచి, కుక్కను వీలైనచో ఒకచోట మూసియుంచి, పశువైద్యశాలకు తెలుపుట సరియైన మార్గము.

కొట్టములో, కళ్లములో పడియున్న మేకులను, తీగముక్కలను ఏరి ఒక డబ్బాలో వేయు పనిని పిల్లలకు అప్పగింపుడు. చెప్పులు తొడిగించి, చేతులకు గుడ్డ చుట్టించి పంపుడు. ఖర్చులేని ఈ పని కుక్కకును, ఎద్దునకును, బిడ్డకును ఒక్కటే రక్ష.

ఇంటివద్ద అడుగదగిన ప్రశ్నలు

1. తుప్పులేని మేకు వలన ధనుర్వాతము వచ్చునా? ఏల?
2. బెణికిన కాలికిని, ధనుర్వాతపు కాలికిని భేదమేమి?
3. నోరు బిగిసిన కుక్కకు పాలు పోయరాదనుటకు కారణమేమి?
4. చొంగ కార్చు కుక్క నోటిలో చేయి ఏల పెట్టరాదు?
5. మీ టీకాకార్డులో 10వ యేటి టీకా గుర్తింపబడినదా?